మొదటి గుక్క

మా గల్లీలో ఏ మాత్ర వచ్చినా, ఏ టీకా వచ్చినా ముందు విమల తీసుకోవాలి. ఆ తర్వాతే మిగతావాళ్లు నోరు తెరుస్తారు, చెయ్యి చాస్తారు. ఎవరూ పెట్టిన రూలు కాదిది, పన్నెండేళ్లుగా అలా నడిచిపోయింది. విమల ఆశా కార్యకర్త. మట్టెవాడలో మా గల్లీ, పక్కనున్న రెండు గల్లీలు ఆమెవి. నా పేరు శ్యాంసుందర్, గల్లీ మొదట్లో మందుల షాపు నాది. కౌంటర్ వెనక కూర్చుంటే గల్లీ చివరి దాకా కనిపిస్తుంది. కనిపించిందంతా చెప్పే ధైర్యం మాత్రం కౌంటర్ వెనక కూర్చున్నవాడికి ఉండదు. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఈ అలవాటు బోదకాలు మాత్రలతో మొదలైంది. ఏటా ఆ మాత్రలు పంచుతారు. ఇంటింటికీ తిరిగి ఎదురుగా మింగించాలని పైనుంచి ఆర్డరు. మా వాళ్లు మహా తెలివైనవాళ్లు. మాత్రను నాలుక కింద దాచి, విమల పక్కింటికి తిరగ్గానే మోరీలో ఉమ్మేసేవాళ్లు. ఒకరోజు పొద్దున్నే నా షాపు మెట్ల ముందు మోరీ తీసిన సఫాయి అమ్మ చీపురు కొసకు పదీ పదిహేను తెల్ల మాత్రలు అంటుకొని వచ్చాయి. విమల వాటిని చూసింది. మరునాడు ఏడింటికి గల్లీనంతా నా మెట్ల దగ్గరికి పిలిచింది. తన మాత్రలు తాను అందరి ముందూ నోట్లో వేసుకుంది, నీళ్లు తాగింది, నోరు తెరిచి చిన్నపిల్లలా నాలుక పైకెత్తి చూపించింది. ఆ రోజంతా ఆమెకు తల తిరిగింది, నా షాపు స్టూలు మీదే కూర్చుంది. కానీ గల్లీ మింగింది.

అప్పటి నుంచి అంతే. ఐరన్ మాత్రలైనా, మోరీల్లో చల్లే మందైనా, కరోనా సూది అయినా, 'విమల ఏసుకున్నదా?' అని అడిగేవాళ్లు. ఏసుకున్నది అంటే లైన్లో నిలబడేవాళ్లు.

మరి మిగతావాళ్లను ఎందుకు నమ్మరంటే, నమ్మి చూశారు గనక. ఓట్లప్పుడు వచ్చి మోకాళ్ల లోతు మోరీలో నిలబడి ఫోటో దిగినాయన గెలిచాక ఆ మోరీని మళ్లీ దాటలేదు. ఏరు దాటేదాకా ఓడ మల్లన్న, దాటాక బోడి మల్లన్న అని మా ముసలివాళ్లు ఊరికే అనలేదు. జ్వరమొస్తే మనకు సర్కారు దవాఖాన గొప్పదని చెప్పే పెద్దలు తమకు తుమ్ము వస్తే హైదరాబాదులో అద్దాల ఆసుపత్రికి పోతారు. ఆ అద్దాల ఆసుపత్రి ఒకదానికి మా గల్లీ కట్టయ్య కూడా పోయాడు. పదకొండు రోజులు అతని పెళ్లాం బక్కమ్మను లోపలికి రానివ్వలేదు. పన్నెండో రోజు మూట కట్టి ఇచ్చారు. అసలు ఏ రోగంతో పోయాడో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

విమల కథా వేరేమీ కాదు. ఆమె భర్త విన్సెంట్ ఆటో నడిపేవాడు. రెండో కరోనా వచ్చిన రోజుల్లో ఆమె వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషను పట్టుకొని నలభై ఇళ్లు తిరిగి, నలభై ఒకటో ఇంటికి, అంటే తన ఇంటికి వచ్చేసరికి విన్సెంట్ గోడకు ఆనుకొని ఎగశ్వాస తీస్తున్నాడు. అతని ఆటోలోనే, వేరే డ్రైవరుతో, నాలుగు ప్రైవేటు ఆసుపత్రులు తిరిగారు. ఒక గేటు దగ్గర బెడ్డు లేదన్నారు. వాళ్లు అక్కడ ఉండగానే అదే గేటులోంచి సైరన్ కారు ఒకటి లోపలికి పోయింది. విన్సెంట్ ఆటోలోనే పోయాడు. పన్నెండు రోజులకు విమల మళ్లీ సంచి భుజానేసుకొని గల్లీలోకి వచ్చింది. నేను ఆ పెద్దలను నోటికొచ్చినట్టు తిడుతుంటే వింటూ నిలబడి, "పోనియ్యన్నా" అనేది. ఆమెకు కోపం లేదేమో అనుకున్నాను. కోపం లేని మనిషి ఎక్కడుంటుంది? నాకే చూడటం రాలేదు.

విమల తల్లి గ్రేస్ ఒకప్పుడు మిషన్ దవాఖానలో ఆయా. నీళ్లు మసల కాగి, మూడు పొంగులు రాకపోతే అవి తాగే నీళ్లే కావని ఆమె సిద్ధాంతం. అదే విమలకు వచ్చింది. వానాకాలమంతా గడప గడపకూ తిరిగి, "కాగబెట్టి సల్లార్చి తాగున్లి" అని చెప్పీ చెప్పీ ఆమె గొంతు బొంగురుపోయేది. గ్యాసు బండ ధర గుర్తు చేసి కొందరు నవ్వేవాళ్లు. అయినా సగం ఇళ్లల్లో కాచేవాళ్లు. మా గల్లీలో నల్లా రోజు మార్చి రోజు వస్తుంది, మొదటి రెండు బిందెలూ టీ రంగులో ఉంటాయి. ఆ నీళ్లతో పెద్ద రోగాలు రాకుండా పన్నెండేళ్లు గడిచాయంటే అది ఆ బొంగురు గొంతు పుణ్యమే.

నిరుడు ఎండాకాలంలో మా గల్లీకి నీళ్ల ప్లాంటు వచ్చింది. హైదరాబాదు కంపెనీ ఒకటి ఉచితంగా పెట్టించింది. కంపెనీ పేరు బోర్డు మీద తలుపంత అక్షరాల్లో, పక్కన మా నాయకుడి ఫోటో అంతకంటే పెద్దగా. డబ్బాలాంటి నీలం గది, లోపల తళతళలాడే గొట్టాలు. బోరు మాత్రం పాత మోరీకి నాలుగడుగుల దూరంలో వేశారు. ఎందుకక్కడ అని నేను అడిగితే, ఎంత మురికి నీళ్లయినా మిషను కడిగేస్తుంది సార్ అన్నాడు కంపెనీ పిల్లవాడు.

ప్రారంభం రోజున గల్లీ అంతా వచ్చింది, బిందె ఒక్కటీ రాలేదు. నమ్మకం లేదు. ఇది ముందే తెలిసి హెల్త్ ఆఫీసు నుంచి విమలకు ఫోను చేశారట, నువ్వు తాగితేనే తాగుతారట కదా, వచ్చి నిలబడమని. నాయకుడు రిబ్బను కత్తిరించి, స్టీలు గ్లాసు నిండా నీళ్లు పట్టి పెదాల దాకా తెచ్చాడు. ఫోటోలు తీశారు. ఆ తర్వాత గ్లాసు అట్లాగే విమల చేతికిచ్చాడు. నీళ్లు అంగుళం కూడా తగ్గలేదు. కంపెనీ ఆఫీసరు చేతిలో కారులోంచి తెచ్చుకున్న సీలు మూత నీళ్ల సీసా ఉంది. నేను మెట్ల మీంచి ఇదంతా చూశాను, లోపల లోపల నవ్వుకున్నాను కూడా. విమల గ్లాసు ఖాళీ చేసి బోర్లించి చూపించింది. మరునాటికి బిందెలు లైన్లో ఉన్నాయి.

ఈ నీళ్లు ఇక కాచుకోనవసరం లేదని నాయకుడు మైకులో చెప్పాడు, ఆ మాటే ఇంటింటికీ చెప్పమని ఆఫీసు నుంచి విమలకు ఆర్డరు వచ్చింది. ఆమె చెప్పింది. పన్నెండేళ్లు కాచుకోమని అరిచిన నోటితోనే కాచుకోవద్దని చెప్పింది. గ్యాసు మిగిలిందని ఆడవాళ్లు ఆమెకు దండం పెట్టారు. నేను చూసింది ఎవరికీ చెప్పలేదు. నా షాపులో మాత్రం మూత సీసాలే తాగాను. అవి షాపులో ఎట్లాగూ ఉంటాయి కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

బక్కమ్మ కొడుకు మొగిలి ధాన్యం మార్కెట్లో హమాలీ. కోడలు తేజస్వి డిగ్రీ చదివింది, మడికొండ ఐటీ పార్కులో కంప్యూటర్ పని. విమల అంటే ఆ పిల్లకు ప్రాణం. కడుపుతో ఉందని తెలిసినప్పటి నుంచి ఐరన్ మాత్ర ఒక్కరోజు తప్పలేదు. "మీరొకటి నేనొకటి ఆంటీ" అని ఇద్దరూ కలిసి మింగి నవ్వుకునేవాళ్లు. ప్లాంటు దగ్గర సీసా నింపుకొని, నాకు చెయ్యూపి, బస్సుకు పోయేది. ఏడో నెల దాకా అట్లాగే పోయింది.

ఈ ఏడు వానలు మొదలైన మూడు వారాలకు గల్లీలో ఒకరి తర్వాత ఒకరికి కళ్లు పచ్చబడ్డాయి. పదకొండు మంది. అన్నం చూస్తే వాంతి, మంచం దిగలేని నీరసం. ప్లాంటులో క్రిములను చంపే లైటు కాలిపోయి ఎనిమిది నెలలైందని, నీళ్లు వడకట్టే జల్లెడలు పెట్టిన రోజు నుంచీ మార్చలేదని తర్వాత తెలిసింది. పైన పటారం, లోన లొటారం. విమల రోగుల రక్తం సీసాల్లో పట్టించి ఆఫీసుకు పంపింది, తానే పోయి ప్లాంటుకు తాళం వేసింది, మళ్లీ నీళ్లు కాచుకోమని ఇంటింటికీ పరుగెత్తింది. అప్పుడు ఇంకో సంగతి జరిగింది.

తేజస్వి కళ్లు పచ్చగా ఉన్నాయని చెప్పటానికి బక్కమ్మ పొద్దున్నే విమల ఇంటికి పోయింది. విమల లేదు. ఇంటర్ చదివే ఆమె కూతురు ప్రీతి వంటింట్లో ఉంది. పొయ్యి పక్కన గంజు నిండా నీళ్లు, పైన తెల్లగుడ్డ, ఇంకా ఆవిరి వస్తోంది. ఎప్పుడు మొదలుపెట్టారు బిడ్డా కాచుడు అని బక్కమ్మ అడిగింది. పిల్లకు అబద్ధం అలవాటు లేదు.

"ఎప్పుడు మానేసినం పెద్దమ్మా? మా అమ్మ కాగిన నీళ్లు తప్ప మమ్ముల తాగనియ్యదు గదా."

బక్కమ్మ బయటికి వచ్చింది. మధ్యాహ్నానికి ఆ మాట గల్లీ చివరి గడప దాకా పోయింది. సాయంత్రం విమల వచ్చేసరికి ఒక్క తలుపు తెరుచుకోలేదు. పన్నెండేళ్లుగా ఆమెకు కుర్చీ వేసిన ఇళ్లు. నా షాపు ముందే ఒక ముసలాయన ఆమె వెనక ఉమ్మేశాడు. మాత్రలు ఉమ్మిన మోరీలోనే.

విమలకు తన పరువు గురించి ఆలోచించే తీరిక లేదు. పచ్చకామెర్లు ఎవరికైనా వస్తాయి, ఎక్కువమందికి వాటంతట అవే పోతాయి. నిండు నెలలు దగ్గరపడిన పిల్లకు ఈ నీళ్ల కామెర్లు వస్తే ప్రాణం మీదికి వస్తుందని ఆమెకు ట్రైనింగులో చెప్పారు. ఆ ఒక్క మాట పట్టుకొని రోజుకు మూడుసార్లు బక్కమ్మ గడప దగ్గరికి పోయింది. బక్కమ్మ వినలేదు. దవాఖాన పేరెత్తితే ఆమెకు కట్టయ్య మూట కళ్లలో కనపడుతుంది. నర్సంపేట దాటాక ఒక ఊళ్లో కామెర్లకు పసరు పోస్తారని, మొగిలిని, కోడలిని తీసుకొని పొద్దు పొడవకముందే పోయి పరగడుపున పోయించుకొచ్చింది. ఉప్పూ నూనే లేని పథ్యం పెట్టింది. అట్లా నాలుగు రోజులు పోయాయి. విమల ఆఫీసుకు ఫోన్లు చేసింది. అక్కడ అందరూ నాయకుడి ప్రెస్ మీటు పనిలో ఉన్నారు. నీళ్లలో లోపమేమీ లేదని ఆయన చెప్పబోతున్నాడు.

అయిదో రోజు పొద్దున మొగిలి నా షాపుకు వచ్చి గ్లూకోజు పొడి అడిగాడు. ఎట్లా ఉందిరా అంటే తల వంచుకున్నాడు.

"పిల్ల నిద్రలకెల్లి లేస్తలేదన్నా. లేపితే ఏందో ఏందో మాట్లాడుతాంది. నన్ను సూసి ఎవలు నువ్వని అడిగింది."

ఈ మాటకు అర్థం నాకు తెలుసు, కామెర్ల విషం తలకెక్కిందని. నేను విమలకు ఫోను చేశాను. అంబులెన్సుకు తానే చెప్తానంది. ఫోను పెట్టేసిన రెండు నిమిషాలకు చెప్పుల్లేకుండా వచ్చింది. బక్కమ్మ తలుపు మూసి ఉంది. విమల తలుపు కొట్టలేదు. గడప ముందు రాళ్ల మీద మోకాళ్ల మీద కూర్చుంది. ఆ పాటికి గల్లీ అంతా బయటికి వచ్చింది.

తలుపు సందులోంచి బక్కమ్మ గొంతు వినపడింది. "నువ్వు గూడ ఆళ్లల్ల దానివే. ఆళ్లు సీసాల నీళ్లు తాగె, నువ్వు కాగిన నీళ్లు తాగితివి. మాకు మోరి నీళ్లు తాపితిరి."

విమల కాదనలేదు. అలవాటని చెప్పి తప్పించుకోవచ్చు. తల్లి నేర్పిన అలవాటేనని నేనూ అనుకున్నాను, అది నిజం కూడా. కానీ ఆమె సగం నిజంతో సరిపెట్టుకునే మనిషి కాదు.

"అవునక్కా," అంది. "నాకు ఆ నీళ్ల మీద నమ్మకం లేకుండె. ఆయన గ్లాసు మూతికి ఆనిచ్చి తాగలే, నేను సూసిన. సూసి గూడ తాగిన. మా విన్సెంట్ పోయిన నాటి సంది ఆళ్ల మీద నాకు నమ్మకం లేదు. నౌకరి పోతదని నోరు మూసుకున్న. ఇంటికి పోయి నా బిడ్డకు కాగబెట్టిన, మీ బిడ్డలకు వద్దని చెప్పిన. తప్పు నాదే. నన్ను కొట్టు, తిట్టు, మల్ల నీ గడప తొక్కనియ్యకు. పిల్లను మాత్రం ఇప్పుడు దవాఖానకు పోనియ్యి. ఒక్క గంట ఆగినా బతకది."

ఆయన తాగలేదని చూసింది ఆమె ఒక్కతే కాదు. ఆ మాట చెప్పటానికి నేను నోరు తెరిచాను. తెరిచి, మూసుకున్నాను.

గొళ్లెం తీసిన చప్పుడైంది. బక్కమ్మ తలుపు తెరిచి పక్కకు జరిగింది. తేజస్విని మొగిలీ విమలా చెరో వైపు పట్టుకొని అంబులెన్సు దాకా మోశారు. ఆ పిల్ల అరచేతులు కూడా పసుపు రాసినట్టున్నాయి. నేనూ షాపు మూసి వెనకే పోయాను.

పెద్ద దవాఖానలో డాక్టర్లు చేయగలిగింది చేశారు. నాలుగు రోజుల కింద తెచ్చి ఉంటే అని ఒక చిన్న డాక్టరమ్మ అని, మా మొహాలు చూసి ఆగిపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకొని పోయినవాళ్లం, ఏమని జవాబు చెప్తాం? ఆ రాత్రే నెలలు నిండకుండా ఆడపిల్ల పుట్టింది, పావుకిలో తక్కువ రెండు కిలోలు. గాజు పెట్టెలో పెట్టారు. తేజస్వి కళ్లు తెరవలేదు. తనకు బిడ్డ పుట్టిందని తెలియకుండానే మూడో రోజు పోయింది. వరండాలో బక్కమ్మ ఏడవలేదు. విమల గోడకు తల కొట్టుకొని ఏడ్చింది. ఇద్దరి మధ్యా నాలుగు అడుగుల దూరం, ఆ దూరం ఎవరూ దాటలేదు.

తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. నాయకుడు వచ్చి బక్కమ్మ చెయ్యి పట్టుకొని ఫోటో దిగాడు. కంపెనీ వాళ్లు బోర్డు మీద తమ పేరుకు సున్నం కొట్టించుకున్నారు. గల్లీలో నలుగురి ముందు పెద్దల మీద నింద వేసినందుకు విమలకు మెమో వచ్చింది. ఆమె జవాబు రాయలేదు. తెల్లారి లేచి సంచి వేసుకొని తిరుగుతూనే ఉంది. తలుపులు మూసే ఉండేవి. మూసిన తలుపులకు చెప్పేది, నీళ్లు కాచుకోండని.

నెలన్నరకు వేసే టీకాలు పాపకు వేయించాలి. విమల మూడు బుధవారాలు బక్కమ్మ గడప దగ్గరికి పోయింది. మూడుసార్లూ బక్కమ్మ వచ్చే వారం అంది. పక్క గల్లీలో ఒక పసివాడికి కోరింత దగ్గు వచ్చిందని విమల గుబులు. నాలుగో బుధవారం దారిలో నా షాపు ముందు ఆగి, "నువ్వు గూడ రా శ్యామన్నా, ఒక్కదాన్ని నిలబడలేకపోతాన" అంది. ఈసారి కౌంటర్ దిగి వెళ్లాను.

బక్కమ్మ పాపను ఒళ్లో వేసుకొని గడపలో కూర్చుంది. పాపకు తల్లి కళ్లు. పొయ్యి మీద గంజులో నీళ్లు మసులుతున్నాయి. విమల టీకాల సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పింది, ఏది ఎందుకో, జ్వరమొస్తే ఏం చేయాలో. బక్కమ్మ అంతా విని అడిగింది.

"మాత్రయితే ముందుగల నువ్వు మింగేదానివి. నీళ్లయితే నువ్వు తాగితివి. పసిపిల్ల సూది నువ్వు ముందుగ ఏసుకోలేవు గద విమలా. మరి నేనెట్ల నమ్మాలె?"

పన్నెండేళ్లలో మొదటిసారి విమల చేతిలో చూపించడానికి ఏమీ లేదు. నేను ముందుకు వచ్చాను. ఆ రోజు నాయకుడు గ్లాసులో నీళ్లు తాగలేదని నేనూ చూశానని, చెప్పకుండా నా సీసా నీళ్లు నేను తాగానని చెప్పాను. ఏడాది దాచిన మాట ఒక్క నిమిషంలో అయిపోయింది. బక్కమ్మ నా వైపు చూసింది. కొత్త సంగతి విన్నట్టు కూడా లేదు ఆమె మొహంలో.

నీళ్లు పొంగి పొయ్యి మీద పడ్డాయి. బక్కమ్మ లేచి పొయ్యి ఆర్పింది, గంజు మీద గుడ్డ కప్పింది. తిరిగి వచ్చి పాపను విమల చేతుల్లో పెట్టింది.

"నమ్మి ఇస్తలేను," అంది. "నాకు ఇంకెవ్వలు దిక్కు లేరు గనక ఇస్తాన."

విమల తల ఊపి పాపను పొదివి పట్టుకుంది. అంగన్‌వాడీ దాకా ముగ్గురం నడిచాం. నర్సమ్మ సూది తీస్తుంటే విమల టీకా సీసా మీద తారీఖు రెండుసార్లు చదివింది, నాతోనూ చదివించింది. సూది పడగానే పాప గుక్కపట్టి ఏడ్చింది. బక్కమ్మ గుమ్మం బయటే నిలబడి ఆ ఏడుపు ఆగేదాకా విన్నది.